అద్దె ఇంట్లో చేరేముందే ఇంటి స్థితిని రికార్డు చేసుకోవడం ఎలా?

రెండేళ్లు ఉన్న ఇంటిని ఖాళీ చేసేరోజున వాష్‌బేసిన్ అంచు కింద వెంట్రుకంత పగులు ఒకటి కనబడింది. మేం చేరేనాటికే ఉందని నేను, లేదని ఇంటివారు. ఎవరి మాట వాళ్లు నిజమని నమ్మే చెప్పాం. నా దగ్గర ఫోటో లేదు, వాళ్ల దగ్గరా లేదు. అడ్వాన్సులోంచి కొత్త బేసిన్ ఖరీదు పోయింది. ఆ డబ్బు సంగతి కొన్నాళ్లకు మరిచిపోయాను. రెండేళ్లపాటు ఒక్క మాట తేడా రాకుండా మెలిగినవాళ్లం, ఆ సాయంత్రం తాళాలు చేతికిచ్చి ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా విడిపోవడం మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత కొన్నేళ్లకు నేనే ఇల్లు అద్దెకిచ్చాను. అప్పుడు అర్థమైంది, ఓనరుకూ ఇదే కష్టమని. వంటగట్టు రాయి అంచు విరిగింది. అది పాతదో కొత్తదో నాకే తేలలేదు. ఊరికే ఒకరిని అనుమానించడం ఇష్టంలేక వదిలేశాను గానీ, మనసులో ఆ పులుపు మిగిలింది.

అప్పటినుంచి ఏ ఇంట్లో చేరినా, ఎవరికి ఇచ్చినా, తాళాలు చేతులు మారేరోజే ఇల్లంతా తిరిగి రాసి, ఫోటోలు తీసి, ఇద్దరం సంతకం పెట్టుకుంటున్నాం. రెండు మూడు గంటల పని. ఆ రోజు ఎవరికీ ఎవరి మీదా కోపం ఉండదు, దాచాల్సింది ఉండదు. అందుకే ఆ రోజు రాసిన కాగితాన్ని తర్వాత ఇద్దరూ నమ్మగలుగుతారు. ఆ పని ఎలా చేయాలో, మీరు అద్దెకు దిగేవారైనా ఇచ్చేవారైనా, ఇక్కడ వరసగా చెబుతాను.

ముందు సమయం కుదుర్చుకోండి

సామాను లోపలికి రాకముందే చేయాలి. బీరువా గోడకు ఆనించాక దాని వెనక చెమ్మ ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. సామాను దించేటప్పుడు గోడకు గీత పడితే అది పాత గీతల్లో కలిసిపోతుంది. ఇంటికి రంగు వేయించి ఇస్తామని ఓనరు అన్నట్లయితే ఆ పని పూర్తయ్యాక చేయండి. సగం పనిలో చేసిన రికార్డు ఎవరికీ పనికిరాదు.

పగటి వెలుతురులో పెట్టుకోండి. కరెంటు, నీళ్లు వస్తూ ఉండాలి. ఈ రెండూ లేని రోజున ఇల్లు చూస్తే సగం ఇల్లే చూసినట్టు. ఇద్దరూ ఉండటం మంచిది. ఓనరు దూరాన ఉంటే ఆయన తరఫున ఎవరు వస్తారో ముందే మెసేజ్‌లో రాయించుకోండి.

'అంత అవసరమా, మనమంతా నమ్మకం మీద నడిచేవాళ్లమే కదా' అని అవతలివారు అనొచ్చు. నొచ్చుకోకండి, వాదించకండి. 'మీకూ ఒక కాపీ ఉంటుందండీ, రేపు నేను ఏదైనా పాడుచేస్తే మీకే ఆధారం' అని చెప్పి చూడండి. నేను ఇలా చెప్పినప్పుడు కాదన్నవారు లేరు. అయినా రాకపోతే మీరొక్కరే చేసి, అదే రోజు వారికి పంపండి. ఒంటరిగా చేసినా అదే రోజు పంపినదానికి విలువ ఉంటుంది. ఆరు నెలల తర్వాత బయటపెట్టిన ఫోటోకు అంత ఉండదు.

వెంట ఏముండాలి

నిండా ఛార్జింగ్, చాలినంత ఖాళీ స్థలం ఉన్న ఫోను. అందులో తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. ఒక టార్చిలైటు, కొలతకు టేపు, పెన్ను, కాగితాలు గట్టిగా పట్టే అట్ట, ప్లగ్ పాయింట్లు చూడటానికి ఫోన్ ఛార్జరు, ఒక బకెట్టు. అద్దె ఒప్పందంలో సామాను జాబితా ఉంటే అదీ పట్టుకెళ్లండి. ఇంతకన్నా ఏం అక్కర్లేదు. దీనికోసం ప్రత్యేకంగా యాప్‌లు ఉన్నాయి, వాడితే తప్పులేదు గానీ కాగితం, ఫోను ఉంటే సరిపోతుంది.

ఒకే వరసలో నడవండి

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. కంటికి ఏది కనిపిస్తే దాన్ని ఫోటో తీసుకుంటూ పోతారు. రెండేళ్ల తర్వాత ఆ ఫోటోలు చూస్తే ఏ గోడ ఏ గదిదో వాళ్లకే తెలియదు. తెల్లగోడలన్నీ ఒకేలా ఉంటాయి.

వీధి తలుపు దగ్గర మొదలుపెట్టండి. ఎడమచేతి వైపు గోడను పట్టుకున్నట్టుగా నడుస్తూ గది చుట్టూ తిరిగి మళ్లీ గుమ్మం దగ్గరికి రండి. ఆ తర్వాతే పక్క గది. ప్రతి గదిలోనూ పైనుంచి కిందికి చూడండి: ముందు పైకప్పు, తర్వాత గోడలు, తలుపులు, కిటికీలు, చివరికి నేల. ఆ తర్వాత స్విచ్‌బోర్డులు, ఫ్యాన్లు, లైట్లు, గోడకు బిగించిన అరలు. గదిలోకి అడుగుపెట్టేముందు గుమ్మానికి ఎదురుగా నిలబడి ఒక ఫోటో తీస్తే, తర్వాత వచ్చే ఫోటోలన్నీ ఆ గదివేనని తెలిసిపోతుంది. కాగితం మీద గది పేరు పెద్ద అక్షరాలతో రాసి దాన్నే మొదటి ఫోటోగా తీసినా సరే.

బాల్కనీ, మెట్లకింద అర, అటక, బయటి బాత్రూము, బండి పెట్టుకునే చోటు, మిద్దె మీద ట్యాంకు లాంటివి మరచిపోతుంటాం. ఒప్పందంలో మీ వాడకానికి ఇచ్చినవన్నీ రికార్డులోకి రావాలి.

ఫోటో ఎలా తీయాలి

ప్రతి గదికీ నాలుగు మూలల నుంచి నాలుగు ఫోటోలు. ఎదుటి మూల, నేల, పైకప్పు మూడూ పడాలి. ఆ తర్వాత దగ్గరి ఫోటోలు. ఏ లోపం కనబడినా దానికి రెండు ఫోటోలు తీయండి. మొదటిది రెండడుగుల దూరం నుంచి, అది ఎక్కడుందో తెలిసేలా. రెండోది దగ్గరగా, పక్కన టేపు పెట్టి, ఎంత ఉందో తెలిసేలా. దగ్గరి ఫోటో ఒక్కటే ఉంటే గోరంత గీత గోడంత పగులులా కనిపిస్తుంది. అది మిమ్మల్ని కాపాడినా అవతలివారికి అన్యాయం చేస్తుంది.

గోడ మీది గుంటలు, అతుకులు, ఉబ్బిన పుట్టీ ఎదురుగా చూస్తే కనిపించవు. టార్చిని గోడకు ఆనించి పక్కనుంచి వెలుగు పడనివ్వండి. ఎత్తుపల్లాలన్నీ నీడలతో సహా బయటపడతాయి. టైల్స్, అద్దాలు, స్టీలు సింకు మీద ఫ్లాష్ వాడితే మెరుపే పడుతుంది, గీతలు పడవు. అక్కడ ఫ్లాష్ ఆపేసి కొంచెం పక్కకు జరిగి తీయండి. ఫిల్టర్లు వద్దు. కత్తిరించడం, కాంతి పెంచడం వద్దు. మసకగా వచ్చిందనిపిస్తే అక్కడే మళ్లీ తీయండి.

బాగున్నవాటికీ ఫోటో కావాలి. ఓనర్లు ముఖ్యంగా ఇది గుర్తుంచుకోవాలి. లోపాలకే ఫోటోలు ఉంటే, కొత్త తలుపు కొత్తగా ఉండేదని రేపు చూపించడానికి ఏమీ ఉండదు. చిన్న ఇంటికైనా నూరు ఫోటోలు దాటితే ఎక్కువేం కాదు.

ఫోటోలతోపాటు ఒక వీడియో కూడా తీయండి. వీధి తలుపు నుంచి అదే వరసలో మెల్లగా నడుస్తూ, చూస్తున్నది నోటితో చెబుతూ. 'ఇది వెనక పడకగది, కిటికీ రెక్క కుడివైపుది పూర్తిగా మూసుకోవట్లేదు' అని. ఫ్యాను తిరిగే చప్పుడు, కుళాయి నీళ్ల జోరు, తలుపు కిర్రుమనడం ఫోటోకు అందవు, వీడియోకు అందుతాయి. అయితే వీడియో ఒక్కదాన్నే నమ్ముకోకండి. అందులో సన్నని పగులు కనబడదు.

దేన్ని ఎలా చూడాలి

*చెమ్మ.* నా అనుభవంలో గొడవలన్నిటికీ పెద్దమ్మ ఇదే. అందుకే దీని మీద ఎక్కువసేపు గడపండి. పైకప్పు మీద గోధుమరంగు అంచు ఉన్న మరక కనబడితే పైనుంచి నీరు దిగిందన్నమాట. పాతదో, ఇంకా దిగుతోందో తెలియాలంటే అందితే చేత్తో తాకి తడి ఉందో లేదో రాయండి. గోడ అడుగున తెల్లటి ఉప్పులాంటి పొడి కనిపిస్తే గోడలోంచి తడి బయటికొచ్చి ఆరిపోతోందని అర్థం. నీరు ఆవిరైపోతూ తనలో కరిగిన లవణాలను పైన వదిలేస్తుంది. రంగు బుడగల్లా ఉబ్బినా, పెచ్చులు ఊడినా అదే కథ. బాత్రూముకు ఆనుకున్న గోడకు అవతలి వైపు తప్పకుండా చూడండి.

ఇక మూలల్లో, బీరువా వెనక, కిటికీ చట్రం చుట్టూ పట్టే నల్లబూజు వేరు. గదిలోని తేమ చల్లటి గోడకు తగిలి నిలిచిపోవడం వల్ల వస్తుంది. గాలి ఆడక వచ్చిందని ఓనరు అంటారు, గోడలోనే లోపం ఉందని అద్దెకున్నవారు అంటారు. ఒక్కోసారి రెండూ నిజమే అవుతాయి. చేరేరోజున ఆ మూల ఎలా ఉందో ఫోటో ఉంటే వాదన సగానికి సగం తగ్గుతుంది. గదిలో కొత్త రంగు వాసన వస్తుండగా ఒక్క గోడకే తాజాగా రంగు పడి ఉంటే 'ఈ గోడకు కొత్తగా రంగు వేశారు' అని మాత్రం రాసుకోండి. అనుమానం రాయొద్దు.

*నీళ్లు.* ప్రతి కుళాయీ తిప్పండి. పూర్తిగా మూసుకుంటోందా, చుక్కలు పడుతున్నాయా చూడండి. సింకు, వాష్‌బేసిన్ నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదిలి, కింది పైపు అతుకుల దగ్గర చెయ్యి పెట్టి తడి తగులుతుందేమో చూడండి. బాత్రూము నేల మీద బకెట్టెడు నీళ్లు పోయండి. ఐదు నిమిషాల తర్వాత నీళ్లు ఎక్కడ నిలిచాయో ఫోటో తీయండి. నేల వాలు సరిగ్గా లేకపోవడం ఏ అద్దెదారు తప్పూ కాదు, కానీ నీళ్లు నిలిచి పట్టిన పాకుడుకు నింద మాత్రం అతని మీదే పడుతుంది.

ఫ్లష్ ట్యాంకు లోపల లీకవుతుంటే పైకి తెలియదు. ట్యాంకులో వంటల్లో వాడే రంగు కొంచెం కలిపి అరగంట ఫ్లష్ చేయకుండా వదిలేయండి. కింద కమోడ్ గిన్నెలో రంగు కనిపిస్తే లోపలి వాల్వు సరిగ్గా మూసుకోవట్లేదు. ఇంటికి విడిగా నీటి మీటరుంటే ఇంకో పరీక్ష ఉంది. కుళాయిలన్నీ కట్టేసి రీడింగు రాసుకోండి, ఎవరూ నీళ్లు వాడకుండా గంట ఆగి మళ్లీ చూడండి. ముల్లు కదిలితే ఎక్కడో కారుతోంది.

*కరెంటు.* ఛార్జరు పట్టుకుని ప్రతి ప్లగ్ పాయింటులోనూ పెట్టి చూడండి. వదులుగా ఉన్నవి, చుట్టూ నల్లగా కమిలినవి విడిగా రాయండి. కమిలిన పాయింటులో దేన్నీ పెట్టకండి, ముందు బాగుచేయించమనండి. ఫ్యాన్లు అన్ని వేగాల్లోనూ తిప్పండి. పనిచేయని బల్బులు లెక్కపెట్టండి. స్విచ్‌బోర్డు విప్పే సాహసం మాత్రం వద్దు, అది ఎలక్ట్రీషియన్ పని. పొగను పసిగట్టే అలారం బిగించి ఉంటే దాని మీది పరీక్ష బటన్ నొక్కి మోగుతోందో లేదో రాయండి.

*గ్యాసు.* పైపు మీద గడువు తేదీ ముద్రించి ఉంటే ఫోటో తీయండి. లీకు చూడాలంటే అతుకుల దగ్గర సబ్బు నురుగు రాయండి, బుడగలు లేస్తే లీకు ఉన్నట్టు. అగ్గిపుల్ల గీసి చూడటం ప్రాణాలమీదికి తెచ్చుకోవడమే. వాసనే వస్తుంటే స్విచ్‌లేవీ ముట్టుకోకుండా బయటికి వచ్చేయండి, రికార్డు పని తర్వాత చూసుకోవచ్చు.

*తలుపులు, కిటికీలు, నేల.* ప్రతి తలుపూ తెరిచి మూసి, గడియ వేసి, తాళం తిప్పి చూడండి. చెక్క ద్వారబంధం అడుగున వేలితో తట్టండి. డొల్ల శబ్దం వచ్చినా, సన్నని మట్టి దారులు కనిపించినా చెదలు ఉండొచ్చు. టైల్స్ మీద కూడా మడమతో తట్టి చూడండి. డొల్లగా మోగిన టైలు కింద అంటు సరిగ్గా లేకపోవచ్చు, బరువు పడితే పగలొచ్చు. అలాంటివి ఏ వరసలో ఎన్నోవో రాసి పెట్టుకోండి. గోడకు ఉన్న మేకులు, రంధ్రాలు గదికి ఎన్నో లెక్కపెట్టండి. చిల్లరగా అనిపిస్తుంది గానీ ఖాళీ చేసేటప్పుడు లెక్కకు వచ్చేవి ఇవే.

*ఇంట్లో ఇచ్చిన యంత్రాలు, సామాను.* ఫ్రిజ్, ఏసీ, గీజర్, వాషింగ్ మెషిన్ ఏది ఉన్నా దాని మీద అతికించిన చీటీని, మోడల్, సీరియల్ నంబర్లు చదవగలిగేలా ఫోటో తీయండి. అప్పుడు మార్చారన్న మాటే రాదు. ఒక్కొక్కటీ ఆన్ చేసి చూడండి. ఫ్రిజ్ తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా జారిపోతే రబ్బరు వదులైందన్నమాట. మంచాలు, కుర్చీలు, కర్టెన్లు ఉంటే సంఖ్యతో సహా రాయండి. పరుపును రెండు వైపులా తిప్పి చూడటం చాలామంది మొహమాటపడి వదిలేస్తారు. మొహమాటపడకండి.

చివరగా మీటర్లు, తాళాలు. కరెంటు, నీళ్లు, గ్యాసు మీటర్ల రీడింగు, మీటరు నంబరు ఒకే ఫోటోలో పడాలి. తాళంచెవులన్నీ తెల్లకాగితం మీద పరిచి, పక్కన ఏది దేనిదో రాసి, ఒక ఫోటో.

ఎలా రాయాలి

ఫోటో ఏం కనబడుతుందో చూపిస్తుంది. తాకితే ఎలా ఉంది, పనిచేస్తోందా లేదా అన్నది కాగితమే చెప్పాలి. 'బాగుంది', 'పర్వాలేదు', 'పాతది' అనే మాటలు రికార్డులో రాకూడదు. మీ పర్వాలేదు వేరు, నా పర్వాలేదు వేరు. కొలత, చోటు, సంఖ్య, రంగు రాయండి. నా కాగితంలోంచి ఒక పద్దు చూడండి:

'వెనక పడకగది, కిటికీ ఉన్న గోడ. కిటికీ కింద కుడి మూలలో మరక, వెడల్పు సుమారు 30 సెంటీమీటర్లు, ఎత్తు 20. రంగు ఉబ్బింది, తాకితే పొడి రాలుతోంది, తడి తగల్లేదు. ఫోటోలు 41, 42.'

ఎవరివల్ల వచ్చిందో, ఎందుకొచ్చిందో ఇందులో లేదు. ఉండకూడదు కూడా. 'గత అద్దెదారు నిర్లక్ష్యం వల్ల', 'నాసిరకం పని' లాంటి మాట ఒక్కటి పడినా రెండోవారు సంతకం పెట్టడానికి వెనకాడతారు. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. మీకు కనిపించినదాని మీద ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదరకపోతే రెండు మాటలూ పక్కపక్కనే రాసి, ఎవరిది ఏదో చెప్పండి. పరీక్షించలేకపోయినవి, అంటే ఆ పూట నీళ్లు రాని కుళాయి, తాళం దొరకని అర లాంటివి, 'చూడలేదు' అని రాయండి. ఖాళీగా వదిలేసిన గడిని తర్వాత 'బాగానే ఉంది' అని చదువుకుంటారు.

బాగుచేయిస్తానని ఓనరు ఒప్పుకున్నవి ఉంటే అదే కాగితంలో, ఏ తేదీలోగా అన్నదాంతో సహా రాయండి. నోటిమాటగా వదిలేస్తే ఇద్దరూ మరిచిపోతారు.

సంతకాలు, కాపీలు

ప్రతి పేజీ మీదా ఇద్దరి సంతకాలు, తేదీ. చివరి పేజీలో మొత్తం పేజీలెన్ని, ఫోటోలెన్ని, వీడియోలెన్ని అన్నది రాయాలి. దీనివల్ల తర్వాత ఏదీ కలపడానికీ తీసేయడానికీ వీలుండదు. సంతకాలయ్యాక ప్రతి పేజీనీ ఫోటో తీసి ఫోటోలతో కలిపి పెట్టండి.

పంపడంలో ఒక మెలిక ఉంది. ఫోను తీసిన ఫోటో ఫైలులో తేదీ, సమయం, ఫోను మోడల్ లాంటి వివరాలు దాగి ఉంటాయి. వీటిని ఎగ్జిఫ్ సమాచారం అంటారు. వాట్సాప్‌లో మామూలు ఫోటోలా పంపితే సైజు తగ్గిపోవడమే కాక ఈ వివరాలు కూడా పోతాయి. అదే డాక్యుమెంట్‌గా జతచేసి పంపితే అసలు ఫైలు అలాగే వెళ్తుంది. ఇంకా మంచిది, ఫోటోలన్నీ క్లౌడ్ ఫోల్డరులో పెట్టి లింకును అదే రోజు ఈమెయిల్ చేయడం. ఫైలులోపలి తేదీని మార్చే వీలుంది కాబట్టి ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోలేం. అవతలివారికి అదే రోజు అందిన ఈమెయిలు దానికి తోడైతే బలం వస్తుంది. అసలు ఫోటోలను ఫోనులోంచి చెరిపేముందు ఇంకెక్కడో ఒక కాపీ ఉందో లేదో చూసుకోండి. రెండేళ్లలో ఫోను మారుతుంది, పోతుంది, పాడవుతుంది.

ఇవి మీ ఇంటి లోపలి ఫోటోలు. తాళాలు, కిటికీలు ఎలా ఉంటాయో అందులో ఉంటుంది. సంబంధం లేనివారితో పంచుకోకండి, ఎక్కడా బహిరంగంగా పెట్టకండి.

మొదటి పది రోజులు

ఇల్లు మొదటిరోజే తన గుట్టంతా విప్పదు. రాత్రిపూట పైపు మోగడం, స్నానం చేశాక పక్కగోడ తడవడం, గీజరు గంట తర్వాత ఆగిపోవడం కాపురం పెట్టాకే తెలుస్తాయి. అందుకే 'చేరిన 10 రోజుల్లోగా కనబడిన లోపాలను ఫోటోతో తెలియజేస్తే ఈ రికార్డులో భాగంగా చేర్చుకుంటాం' అని ఒక వాక్యం మొదటే రాసుకోండి. వానకాలం కాని రోజుల్లో చేరితే, మొదటి పెద్ద వాన పడిన మర్నాడు ఇల్లంతా ఇంకోసారి చూసి తెలియజేసే అవకాశం కూడా ఉంచుకోండి.

ఉంటున్నప్పుడు

ఏది చెడిపోయినా చెడిన రోజే ఫోటో తీసి మెసేజ్ పెట్టండి. ఫోనులో చెప్పినా సరే, తర్వాత ఒక్క వాక్యం రాసి పంపండి: 'పొద్దున మాట్లాడుకున్నట్టు, వంటింటి సింకు కింద పైపు కారుతోంది, ఫోటో జతచేశాను.' చిన్న లీకును చెప్పకుండా ఆరు నెలలు ఉంచితే కింది చెక్క అర ఉబ్బి పాడైపోతుంది. అప్పుడు లీకు ఓనరు బాధ్యతే అయినా, ఉబ్బిన అర మీ మీదికి వస్తుంది, అందులో న్యాయమూ ఉంది. మేకు కొట్టాలన్నా, రంగు మార్చాలన్నా అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

ఓనరుగా మధ్యలో ఇల్లు చూడాలనుకుంటే ముందుగా చెప్పి, వారికి వీలైన వేళ వెళ్లండి. అది మీ ఇల్లే, కానీ అప్పుడు వారి కాపురం. ఫోటో గోడకు తీయండి, వారి బట్టలు, మందులు, పిల్లలు అందులో పడకూడదు.

ఖాళీ చేసేటప్పుడు

సామాను పోయి, ఇల్లు శుభ్రం చేశాక, తాళాలు ఇచ్చేముందు పాత కాగితం పట్టుకుని మళ్లీ అదే వరసలో నడవండి. పాత ఫోటోలు ఫోనులో తెరిచి అదే చోట నిలబడి అదే కోణంలో తీయండి. రెండూ పక్కపక్కన పెడితే మాటల అవసరం పెద్దగా ఉండదు. మీటర్లు, తాళంచెవులకు కూడా మళ్లీ ఫోటోలు. తాళాలు ఇచ్చినట్టు ఒక్క వాక్యమైనా రాయించుకోండి.

ఒక వారం ముందే ఇద్దరూ ఒకసారి చూసుకుంటే ఇంకా మంచిది. రంధ్రాలు పూడ్చడం, మరక తుడవడం, విరిగిన గొళ్లెం మార్చడం అద్దెదారే తక్కువ ఖర్చులో చేసుకోగలడు.

తేడా కనబడగానే అది నష్టం అయిపోదు. మనుషులు ఉన్న ఇల్లు అరుగుతుంది. ఎండకు రంగు వెలిసిపోవడం, నడిచేచోట నేల మెరుపు తగ్గడం, స్విచ్‌ల చుట్టూ కాస్త మాయడం, కుళాయి వాషరు అరగడం వాడకంలో వచ్చే అరుగుదల. దాన్ని భరించాల్సింది ఓనరే, అద్దె తీసుకునేది అందుకు కూడా. పగిలిన అద్దం, కాలిన వంటగట్టు, పీకేసిన గడియ, పెంపుడు జంతువు గీరిన తలుపు నష్టం కిందికి వస్తాయి.

నష్టమే అయినా కొత్తదాని పూర్తి ధర అడగడం సబబు కాదు. మాటవరసకు, 5 ఏళ్లకోసారి రంగు వేయించే గోడ ఉందనుకుందాం. రంగు వేసి 3 ఏళ్లయ్యాక పిల్లలు దానిమీద రంగుపెన్సిళ్లతో గీశారు. ఆ రంగు ఆయుష్షులో మిగిలింది 2 ఏళ్లే. కాబట్టి మళ్లీ రంగు వేసే ఖర్చులో ఐదింట రెండు వంతులు, అంటే 40 శాతం అద్దెదారు ఇస్తే సరిపోతుంది. ఈ లెక్కకు రంగు ఎప్పుడు వేశారన్నది కావాలి. అందుకే ఫ్రిజ్, గీజరు, పరుపు కొన్న ఏడాది, రంగు వేయించిన నెల కూడా మొదటి కాగితంలోనే రాయించుకోమంటాను. మీ ఒప్పందంలో గానీ మీ ప్రాంత చట్టంలో గానీ వేరే పద్ధతి ఉంటే అదే చెల్లుతుంది. చేరేముందే దాన్ని ఒకసారి చదవండి.

ఓనరు అడ్వాన్సులోంచి కోత పెడితే ఏ వస్తువుకు ఎంత, ఏ పాత ఫోటో, ఏ కొత్త ఫోటో అన్నది విడివిడిగా రాసి, బిల్లుతో ఇవ్వాలి. 'రిపేర్లకు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే అద్దెదారుకు అడిగే హక్కుంది. డబ్బు లెక్క పూర్తిగా తేలిపోయాక కూడా కాగితాలు, ఫోటోలు కొన్నాళ్లు ఉంచండి.

ఇప్పటికే చేరిపోయి ఉంటే

ఏడాదో రెండేళ్లో అయిపోయిందనీ, ఇప్పుడేం చేస్తామనీ వదిలేయకండి. ఈ వారంలో ఒక పూట కూర్చుని ఇదే పద్ధతిలో చేయండి. తేదీ మాత్రం ఈనాటిదే వేయండి. తర్వాత పాత ఫోటోలు వెతకండి. చేరిన మొదటి రోజుల్లో బంధువులకు పంపిన వీడియో, పుట్టినరోజు ఫోటో వెనక కనిపించే గోడ, ఇల్లు అద్దెకు అని ప్రకటనలో పెట్టిన బొమ్మలు, బాగుచేయమని అప్పట్లో పెట్టిన మెసేజ్‌లు. వీటిలో చాలావాటికి తేదీలు ఉంటాయి. ఏ ఫోటోలో ఏ గోడ కనిపిస్తోందో రాసి, కొత్త రికార్డుకు జతచేసి, ఓనరుకు పంపండి. 'చేరినప్పుడు రాసుకోలేదండీ, ఇప్పుడు ఇద్దరం కలిసి ఒకసారి చూసి సంతకం పెట్టుకుందామా' అని అడగండి. మీ మధ్య ఇంకా మాట బాగున్న రోజులు ఇవే.